భాద్రపదంలో లేని దొరువు

"ఎన్నింటికే మోటారు పెట్టేది?"

రావమ్మ ఈ మాట అడగడం ఇది మూడోసారి. ఆవిడ కంచంలో ఇడ్లీ చల్లారిపోయింది.

వందన తల ఎత్తలేదు. సైటుకి వేసుకెళ్ళే బూట్ల తాళ్ళు కట్టుకుంటోంది. కట్టిన ముడినే విప్పి మళ్ళీ కట్టింది.

"నిన్నేనే అడిగేది, ఇంజనీరమ్మా!"

"పదకొండింటికి అత్తా."

"ఇవాళే?"

"ఇవాళే. నిన్ననే చెప్పాను కదా."

"నిన్న చెప్పావు. పొద్దునకి మనసు మారుతుందేమోనని అడుగుతున్నా."

"నా మనసు మారితే ఏం లాభం? కాలవలు కట్టేశారు, అవనిగడ్డ నుంచి ట్యాంకర్లు రావట్లేదు. బోరు నీళ్ళతో కడిగితే ఆరేసరికి సోలారు పలకల మీద తెల్లగా ఉప్పు పేరుకుంటోంది. మూడు వారాలైంది సరిగ్గా కడిగి. కరెంటు సగానికి పడిపోయింది. పొద్దున లేస్తే ఫోన్ నాకే వస్తుంది అత్తా, నీకు కాదు."

"దొరువుకి మోటారు పెడితే ఏమవుతుందో చెప్పావా వాళ్ళకి?"

"చెప్పాను."

"ఏమన్నారు?"

"రెండు రోజులే కదా అన్నారు."

"రెండు గంటలు చాలు." రావమ్మ కంచం పక్కకి జరిపింది. "పైన తీపి, కింద ఉప్పు. పాల మీద మీగడ ఉన్నట్టు ఉంటుందే ఆ నీరు. చేదతో తోడితే మీగడే వస్తుంది. ఇరవై చేదలు తోడి కూర్చోవాలి. మళ్ళీ ఊరనివ్వాలి. మీ మోటారుకి కూర్చోవడం తెలుసా?"

వందన రెండో బూటు తాళ్ళు బిగించింది.

"అయినా నేనెందుకు కంగారు పడాలి? లీజు కాగితంలో ఉందిగా నా దొరువు." రావమ్మ తమ్ముడివైపు తిరిగింది. "సీతయ్యా, లే. ఆ కాగితం తీసి దీని చేతిలో పెట్టు. తీసుకెళ్ళి వాళ్ళ మేనేజరుకి చూపిస్తుంది."

సీతారామయ్య కిటికీ పక్కన పేపరు మడత పెడుతున్నాడు. ముప్పై ఏళ్ళు డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్పిన మనిషి, మడిచిన పేపరునే మళ్ళీ మడిచాడు.

"చూస్తానక్కా" అన్నాడు చివరికి.

"చూడ్డానికేముంది? బీరువాలో ఉంది."

"ఉంది... చూస్తాను."

రావమ్మ అతనివైపు కాసేపు అలాగే చూసింది. చంకనెత్తుకు తిప్పిన తమ్ముడు. వాడు అబద్ధం ఆడే ముందు చేతిలో ఉన్నదాన్ని మడత పెడతాడని అరవై ఏళ్ళుగా ఆవిడకి తెలుసు.

ఇడ్లీ కంచం తనే తీసుకెళ్ళి కడిగింది. కాసేపటికి వాకిట్లో చెప్పుల చప్పుడు, వెనకే ఆటో ఆగిన చప్పుడు వినిపించాయి. వందన బయటికి పరిగెత్తేసరికి ఆటో మలుపు తిరుగుతోంది. గోడకి తగిలించి ఉండే చేదా, తాడూ లేవు.

"నాన్నా! అత్త అక్కడికే వెళ్ళింది!"

"తెలుసమ్మా."

"తెలిసీ కూర్చున్నావేంటి? కాగితం గురించి ఇప్పుడైనా చెప్పేయాల్సింది. నేను మొన్ననే ఆఫీసులో చూశాను. నీటి వనరులు అన్న చోట 'లేవు' అని ఉంది. కింద సాక్షిగా నీ సంతకం."

సీతారామయ్య పేపరుని ఇంకో మడత పెట్టాడు.

"చూసి నాతో అనలేదే?"

"ఏమని అడగను? నువ్వే చెప్తావేమోనని చూశాను. నిన్నట్నుంచి అత్త 'కాగితంలో ఉంది, కాగితంలో ఉంది' అని ఎంత ధైర్యంగా తిరుగుతోందో చూస్తున్నావుగా? ఆవిడకి ఉన్నదే ఆ బీడు. తాతయ్య పసుపు కుంకుమల కింద మీ అక్కకి ఎందుకూ పనికిరాని ఉప్పు బీడు రాసిచ్చాడని ఊరంతా నవ్వితే, అరవై గేదెల్ని పెట్టుకుని ముప్పై ఏళ్ళు అక్కడే బతికింది. మోకాళ్ళు పోయి మంద అమ్మేసింది, బీడు ఈ సోలారు కంపెనీకి లీజుకిచ్చింది. ఒక్క దొరువు అడిగింది నాన్నా. ఒక్కటి."

"నువ్వు కూడా..." అనబోయి ఆగాడు సీతారామయ్య.

"ఆ, నేను కూడా! అనెయ్. వాళ్ళకి అక్కడ తీపినీళ్ళు ఉన్నాయని చెప్పింది నేనే. గొప్ప కోసం చెప్పాను. మేనేజరు ఈ ప్రాంతంలో మంచినీళ్ళే లేవా అని వెక్కిరిస్తుంటే, మా అత్త దొరువు నీళ్ళు తాగి చూడండి సార్ అని సీసాలో పట్టుకెళ్ళి ఇచ్చాను. తాగి బాగున్నాయన్నాడు. నాకెంత సంతోషమేసిందో తెలుసా?"

వందన హెల్మెట్ తీసుకుని స్కూటీ దగ్గరికి నడిచింది.

సీతారామయ్య చొక్కా మార్చుకోకుండానే వెనక ఎక్కాడు. కూతురు వద్దనలేదు. ఎక్కాక అతని మోకాలికి తగలకుండా సైడ్ బ్యాగ్ తీసి ముందు పెట్టుకుంది. అంత కోపంలోనూ ఆ పని చేసినందుకు అతనికి లోపల ఎక్కడో కొంచెం చల్లగా అనిపించింది.

నాగాయలంక దాటాక కాలవ ఎండి పగుళ్ళు తేలి ఉంది. అక్కడినుంచి పాలదిబ్బ బీడు దాకా వందన స్కూటీ వేగం తగ్గించలేదు.

ఒకప్పుడు ఆ మలుపు తిరిగితే గేదెల వీపులు కనిపించేవి. ఇప్పుడు పలకలు కనిపిస్తున్నాయి. ఇనుప కంచె లోపల, కనుచూపు మేర, ఒకేవైపు తల వంచి ఎండ కాస్తున్నాయి. ఈ నేలలో ఏదీ పండలేదని నవ్వినవాళ్ళందరూ ఇప్పుడు పాలదిబ్బలో కరెంటు పండుతోందంటున్నారు. సీతారామయ్యకి ఆ పలకల మీద కోపం లేదు. కూతురికి ఇంటి దగ్గరే ఉద్యోగం ఇచ్చాయి. అయినా ఇటు వచ్చినప్పుడల్లా, ఎవరో తెలిసినవాళ్ళు ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయిన వీధిలోకి వచ్చినట్టు ఉంటుంది.

గేటు దగ్గర నాంచారయ్య కాకీ చొక్కాలో, నెత్తిన తువ్వాలుతో నిలబడి ఉన్నాడు. ఇరవై ఏళ్ళు రావమ్మ మందని కాసిన మనిషి. బీడుకి కంచె పడ్డాక ఆ కంచెకే కాపలాదారయ్యాడు.

"అత్త లోపలికి వెళ్ళిందా నాంచారయ్య మావా?" స్కూటీ ఆపకుండానే అడిగింది వందన.

"ఎల్లారమ్మా."

"పంపించేశావా?"

"పంపక? గేదెలకంటే ముందు నాకు చల్దన్నం పెట్టిన మనిషిని గేటు దగ్గర ఆపనా? రూలు మాత్రం తప్పలేదులే. రిజిస్టర్లో సంతకం పెట్టించుకున్నా. వచ్చిన పని ఏం రాయమంటారమ్మగారూ అంటే, మంచినీళ్ళు అని రాయమన్నారు. రాశా."

"నీ టోపీ ఏదయ్యా?" అన్నాడు సీతారామయ్య.

"ఆవిడ నెత్తిన పెట్టా. ఎండ చూశారా మాస్టారూ, ఎట్టా ఉందో!"

పలకల వరసలు ఇసుక మేట దగ్గర ఆగిపోతాయి. అక్కడ ఇసుకలో సిమెంటు దిమ్మెలు నిలవలేదని కంపెనీవాళ్ళు ఆ కాస్తా వదిలేశారు. నాలుగు సరుగుడు చెట్లు, వాటి మధ్య దొరువు. దొరువంటే బావి కాదు. ఇసుకలో గరాటులా తవ్విన గుంట. ఒరలు ఉండవు, గిలక ఉండదు. వాలులో నడిచి దిగితే అడుగున అద్దంలా నీరు. వానలకి ఇసుక జారి పూడిపోతుంది. కార్తీకంలో మళ్ళీ తవ్వుకోవాలి. తవ్వినవాళ్ళూ తాగొచ్చు, దారిన పోయేవాళ్ళూ తాగొచ్చు. ఏ రికార్డులోనూ దానికి నంబరు లేదు.

అడుగున, నీళ్ళలో పాదాలు పెట్టుకుని, కంపెనీ టోపీతో రావమ్మ కూర్చుని ఉంది.

గట్టు మీద మోటారు, నల్ల పైపు చుట్ట. మోటారు బిగించడానికి వచ్చిన అబ్బులు అనే కుర్రాడు వందనని చూసి ఎదురొచ్చాడు.

"మేడం, పెద్దావిడ లేవట్లేదండి. పైపు వెయ్యాలంటే ఆవిడ కాళ్ళ మధ్యలోంచి వెయ్యాలండి. నా వల్ల కాదు."

"ఏం చెప్పింది?"

"పదకొండు కాలేదుగా, కూర్చో అన్నారండి. నాక్కూడా ఓ చేద నీళ్ళిచ్చారు."

వందన జేబులో ఫోన్ మోగింది. దూరంగా నడిచి మాట్లాడింది. "సార్... లేదు సార్... ఇంకా స్టార్ట్ చేయలేదు... మా అత్తయ్య... అవును సార్, చెప్తాను సార్."

సీతారామయ్య చెప్పులు గట్టున విడిచి దిగాడు. కాలు జారితే ఇసుకలో చెయ్యి ఆనించి, అక్క పక్కన కూర్చున్నాడు. నీళ్ళు పాదాలకి తగిలి ఒళ్ళంతా ఊరట కలిగింది. అలాంటప్పుడు ఊరట కలిగినందుకు సిగ్గేసింది.

"కాగితం తెచ్చావా?" అంది రావమ్మ అతనివైపు చూడకుండా.

"కాగితంలో దొరువు లేదక్కా."

నీటి మీద ఒక సరుగుడు పుల్ల తేలుతోంది. రావమ్మ దాన్ని వేలితో అవతలికి నెట్టింది.

"మరి ఏముంది?"

"నీటి వనరులు లేవు అని ఉంది. రాయించింది నేనే."

పైన అబ్బులు పైపు మీద కూర్చుని బీడీ తీసి, వీళ్ళిద్దరినీ చూసి, మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

"ఏ నెల్లో వచ్చాడు కంపెనీ సర్వే వాడు?" అంది రావమ్మ.

"భాద్రపదం. హైమ బందరు ఆసుపత్రిలో ఉంది." భార్య పేరు మెల్లగా పలికాడు సీతారామయ్య.

"ఆ రోజు నువ్వు సర్వే కోసమేగా ఆసుపత్రినుంచి వచ్చింది? నేను దాని దగ్గర కూర్చున్నా."

"సర్వే కోసం కాదక్కా." సీతారామయ్య నీళ్ళలోకి చూస్తూ చెప్పాడు. "ఆ ముందురోజు హైమ నోరంతా చేదుగా ఉందంది. డాక్టరు గుక్కెడు నీళ్ళు పట్టమన్నాడు. ఏ నీళ్ళు ఇచ్చినా ముఖం తిప్పేసింది. మీ అక్క దొరువు నీళ్ళు తెచ్చిపెట్టవా అంది. సర్వే వంక పెట్టుకుని సీసా పట్టుకుని వచ్చాను. వచ్చేసరికి ఇక్కడ వాననీళ్ళు నిలిచి, మొత్తం చదునుగా ఇసుక. దొరువు ఎక్కడుండేదో కూడా తెలీలేదు. సీసా పట్టుకుని నిలబడ్డాను. అప్పుడే అతను వచ్చి అడిగాడు, బావిగానీ చెరువుగానీ ఉందా సార్ అని. చుట్టూ చూశాను. లేదన్నాను."

రావమ్మ టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"నాతో చెప్తే నేనొచ్చేదాన్నిగా."

"వచ్చి ఏం చేసేదానివి? తడి ఇసుక గోడ నిలవదు, కార్తీకం దాకా తవ్వకూడదని నువ్వే అనేదానివి."

"చేత్తో అయినా తోడేదాన్నిరా. ఒక గ్లాసుకి." ఆవిడ నీళ్ళలోంచి గుప్పెడు ఇసుక తీసి వదిలేసింది. "చివరికి ఏం తాగింది?"

"సీసాలో కుళాయి నీళ్ళే పట్టుకెళ్ళాను. దొరువువే అన్నాను. తాగింది. బాగున్నాయంది."

పైన వందన ఎప్పుడు ఫోన్ పెట్టేసిందో, గట్టు అంచున కదలకుండా నిలబడి ఉంది. అమ్మ గురించి ఆ సంగతి వినడం ఆమెకి ఇదే మొదలు.

"భాద్రపదంలో దొరువెక్కడుంటుందిరా పిచ్చోడా" అంది రావమ్మ మెల్లగా. "వాడు నన్నడిగినా లేదనే చెప్పేదాన్ని."

సీతారామయ్య ముఖం మీద చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. మూడేళ్ళుగా మోస్తున్న మాటని ఆవిడ ఇంత తేలిగ్గా దించుతుందని అతను అనుకోలేదు.

కానీ రావమ్మ అక్కడ ఆగలేదు.

"అందుక్కాదు నాకు బాధ. సంతకం పెట్టేప్పుడు నిన్నడిగాను. దొరువు సంగతేంట్రా అని. అదెక్కడికి పోతుందక్కా అన్నావు. అప్పుడు తెలుసుగా నీకు?"

"తెలుసు."

"తర్వాత రాయిద్దామనుకున్నావు."

"అనుకున్నాను. నెల తిరక్కుండానే హైమ పోయింది. తర్వాత ఆ కాగితం ముట్టుకుంటే ఆ రోజే గుర్తొచ్చేది."

"మూడేళ్ళు నన్ను గొప్పగా తిరగనిచ్చావు. ఈ గేటులోంచి వచ్చినప్పుడల్లా నా హక్కు మీద వస్తున్నాననుకున్నా. నాంచారయ్య దయ మీద వస్తున్నానని తెలీదు."

సీతారామయ్య నీళ్ళలోంచి పాదాలు వెనక్కి తీసుకున్నాడు.

"అత్తా," వందన పైనుంచి పిలిచింది. "మేనేజరుగారు బయల్దేరారు. పావుగంటలో ఇక్కడుంటారు. నువ్వు లేవకపోతే పోలీసుల్ని పిలుస్తానంటున్నాడు."

"నిన్నేమంటున్నాడు?"

"నన్నా? రేపట్నించి రావద్దంటాడేమో."

"మోటారు ఆపలేవా?"

"ఈ పూట ఆపగలను. నేను ఇంటికెళ్ళాక వేరేవాళ్ళు పెడతారు. దొరువు కనిపిస్తూ ఉన్నన్నాళ్ళూ ఎవరో ఒకరు పెడతారు అత్తా."

రావమ్మ ఆ మాట విని తల ఊపింది, లెక్క సరిచూసుకున్నట్టు. చేద ముంచి నీళ్ళు తీసింది. తను రెండు గుక్కలు తాగింది. చేద తమ్ముడికి అందించింది. అతను దోసిలి పట్టాడు. మిగిలిన నీళ్ళు పట్టుకుని, అతని భుజం ఆసరాగా, వాలు ఎక్కి పైకి వచ్చి వందన నోటికి పెట్టింది.

"తాగు. బాగున్నాయా?"

వందన తల ఊపింది. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి.

"నాంచారయ్యా! పార ఉందా?" రావమ్మ కేకేసింది. వాళ్ళ వెనకే వచ్చి సరుగుడు చెట్టు కింద నిలబడి ఉన్నాడు అతను.

"ఉందమ్మగారూ. ఎందుకు?"

"పూడ్చేద్దాం."

"అత్తా!"

"గట్టు తెగ్గొడితే చాలు, ఇసుక అదే జారుతుంది. అడుగున నీళ్ళు ఎక్కడికీ పోవు. ఇసుక కింద చల్లగా ఉంటాయి. మోటారు వచ్చి పీల్చి ఉప్పు చేసేకంటే నయం."

"మళ్ళీ తవ్వనివ్వరు నిన్ను. కార్తీకం వచ్చినా తవ్వనివ్వరు. లీజు ఇరవై అయిదేళ్ళు."

"మూడు పోయాయిగా."

"నీకు డెబ్బై ఆరు అత్తా!"

"నా వయసు నాకు చెప్తావేంటే?" రావమ్మ నవ్వింది. ఆ నవ్వు చూడలేక సీతారామయ్య తల తిప్పుకున్నాడు. "నేను తవ్వుతానన్నానా?"

నాంచారయ్య పార తెచ్చాడు గానీ గట్టు మీద వెయ్యలేకపోయాడు. ఏటా కార్తీకంలో మొదటి పార అతనే వేసేవాడు. పార పట్టుకుని అలాగే నిలబడ్డాడు. సీతారామయ్య వెళ్ళి అతని చేతిలోంచి మెల్లగా తీసుకున్నాడు. ఎప్పుడూ సుద్దముక్క తప్ప పట్టని చేతులు. మొదటి వేటుకి ఇసుక రవ్వంత రాలింది. రెండోసారి ఇంకాస్త. అబ్బులు కాసేపు చూసి, "అట్టా కాదు మాస్టారూ, అడుగునుంచి కొట్టాలి" అని తను వచ్చి చేరాడు. ఏ పని మీద వచ్చాడో ఎవరూ అతనికి గుర్తు చేయలేదు.

ఇసుక ఒక్కసారిగా జారింది. అడుగున నీరు ఒకసారి మెరిసి మసకబారింది.

రావమ్మ అటు చూడలేదు. వందన చెయ్యి పట్టుకుని పలకల వరస చివరికి తీసుకెళ్ళింది.

"ఈ చెట్లు ఉంటాయో కొట్టేస్తారో. గాలివాన వస్తే మేట కూడా జరుగుతుంది. ఇదిగో, మీ ఇనుప స్తంభాలు ఇరవై అయిదేళ్ళూ ఉంటాయంటివిగా? వీటి మీద నంబర్లున్నాయి కదే?"

"ఉన్నాయి."

"ఏదో ఒకటి చూసుకో. దీన్నుంచి దొరువు నడిమికి ఎన్ని అడుగులో కొలువు. తిన్నగా నడు. కాగితం మీద రాయకు. రాస్తే ఎవడో చూస్తాడు. గుర్తుపెట్టుకో."

"నేనా అత్తా? వాళ్ళకి చూపించింది నేనే కదా..."

"అందుకే నువ్వే. నడు."

వందన స్తంభం మీది నంబరు చూసింది. పెదాలతో రెండుసార్లు అనుకుంది. ఎడమ మడమ స్తంభానికి ఆనించి నడవడం మొదలుపెట్టింది. ఒకటి. రెండు. బూటు ఇసుకలో దిగబడుతోంది. ఎదురుగా నాన్న, చొక్కా తడిసి వీపుకి అంటుకుపోయి, ఒంగి ఇసుక తోస్తున్నాడు. పది. పదకొండు.

జేబులో ఫోన్ మోగింది. తీస్తే లెక్క తప్పుతుంది. తీయలేదు. పద్దెనిమిది.

మోగి ఆగింది. మళ్ళీ మోగింది.

అప్పుడే గేటు వైపు నుంచి జీపు హారన్ వినిపించింది. ఒకటి పొడుగ్గా, వెనకే రెండు పొట్టివి.

నాంచారయ్య జేబులోంచి తాళంచెవి తీశాడు. రెండడుగులు గేటు వైపు వేసి ఆగాడు. దొరువు ఇంకా సగమే పూడింది. అతను రావమ్మని అడగలేదు. వందనవైపు చూశాడు.

"మేనేజరుగారే అమ్మా. తియ్యమంటారా?"

వందన ఇరవై ఏడు దగ్గర ఉంది. తల తిప్పలేదు, అడుగు ఆపలేదు. ఒక చెయ్యి మాత్రం పైకెత్తింది.

ఆగమందో, వెళ్ళి తియ్యమందో నాంచారయ్యకి అర్థం కాలేదు. రావమ్మకీ అర్థం కాలేదు. ఎత్తిన చెయ్యి దించకుండానే వందన ఇరవై ఎనిమిదో అడుగు వేసింది. గేటు దగ్గర హారన్ ఈసారి ఆగకుండా మోగుతోంది.